బలి చార్జీ

హరిపురం, మందస మండలం
12 జూన్ 2006

శ్రీరామ

టెక్కలిలో ఉన్న గణపతిరావు బావకు పోలారావు రాయునది. అక్కకు నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను గాని, క్షేమం లేదు.

ఫోను చేయలేదేమని అడుగుతావేమో. ఎస్టీడీ బూతులో నేను మాట్లాడితే బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరికీ వినబడుతుందని పోయినసారి నువ్వే కదా కసిరావు. అందుకే కాగితం.

మొన్న శనివారం మా రామమందిరంలో వామనుడి కథ చెబుతున్నాను. రెండో అడుగు మిన్ను మీద పడింది. మూడో అడుగు ఎక్కడ పెట్టమంటావని ఆ పొట్టివాడు అడుగుతున్నాడు, బలి తల వంచుతున్నాడు, జనం ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు ఆడవాళ్ళ వరుసలోంచి కాసులమ్మ లేచింది. నీకు తెలిసినదే, పాపారావు పెళ్ళాం. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీయడానికి మా ఊరి నుంచి వెళ్ళే ఆడవాళ్ళకి పెద్ద. లేచి తిన్నగా వచ్చి నా వ్యాసపీఠం మీద బ్యాంకు పాసుపుస్తకం పడేసింది.

"ఏటి మావా, ఎవుడి తల మీదో అడుగెట్టినోడి కథ సెప్తన్నావు. నా తల మీద ఎట్టినోడి సంగతి ముందు సెప్పు" అంది.

బావా, వాళ్ళని ఆ బ్యాంకుకి తోలింది నేనే. రెండేళ్ళ కిందట చీటీల పైడమ్మ అందరి డబ్బూ మూట కట్టుకుని బరంపురం పారిపోయాక, అదే మందిరంలో నిలబడి రాముడి మీద ఒట్టేసి చెప్పాను. 'బ్యాంకులో వేసిన రూపాయి రూపాయిగానే ఉంటుంది, పూచీ నాది' అన్నాను. ఇరవై మందికి పైగా నా మాట మీద పలాస వెళ్ళి వేలిముద్రలు వేశారు. ఇప్పుడు వాళ్ళ పుస్తకాల్లో మూడు నెలలకోసారి డబ్బు కోసేసి ఉంది. పాపారావుకి కిడ్నీలు పోయాయి, విశాఖ ఆసుపత్రికి తిప్పుతున్నారు. దారి ఖర్చుకని దాచుకున్నది తీయబోతే 'నీ ఖాతాలో అంత లేదమ్మా' అన్నారట.

పుస్తకం విప్పి చూశాను. ఇంగ్లీషు నాకు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే వస్తుంది కదా. డబ్బు కోసిన ప్రతి చోటా ఒకే మాట. ఎం, ఐ, ఎన్: మిన్. బి, ఎ, ఎల్: బలి. ఆ పక్కన చార్జీ. నేను నోటితో చెబుతున్న కథనే వాళ్ళు మిషను మీద అచ్చు కొట్టారు. మిన్నూ అయిపోయింది, బలీ అయిపోయాడు, ఇక మిగిలింది మా ఆడవాళ్ళ నెత్తి! అక్కడికక్కడే జనానికి విప్పి చెప్పాను. మందిరం హోరెత్తింది. ఈ బలి డబ్బు తిరిగి వీళ్ళ చేతిలో పడేదాకా పురాణం విప్పనని లేచిపోయాను.

పలాస మేనేజరుకి 'బలి చార్జీ వాపసు గురించి' అని అర్జీ రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. నువ్వు అదే బ్యాంకు వాడివి, ఇరవై ఏళ్ళుగా టెక్కలి బ్రాంచిలో ఉన్నావు. ఈ బలి ఏ దేవుడికి ఇస్తున్నారో రాయి.

నీ బావమరిది
పోలారావు

*

టెక్కలి
19 జూన్ 2006

చిరంజీవి పోలారావుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. అది నా పొరపాటు. మీ అక్కకి పొలమారి, మా అమ్మాయి హరిప్రియ వీపు తట్టి, మంచినీళ్ళు తాగించి, చాలా గొడవైంది.

నాయనా, అది బలి కాదు, బ్యాలెన్సు. మిన్ను కాదు, మినిమం. ఖాతాలో కనీసం ఇంత ఉండాలని ఒక లెక్క. అంతకన్నా తగ్గితే కొంత కోస్తారు. మీ వాళ్ళు ఖాతాలు తెరిచినప్పుడు ఆ కనీసం వంద రూపాయలు, ఇప్పుడు ఐదు వందలు. కోసేది మనిషి కాదు, కంప్యూటరు. దానికి కాసులమ్మ తెలియదు, నీ రాముడూ తెలియదు.

బ్యాంకు పుస్తకానికి నువ్వు మందిరంలో వ్యాఖ్యానం చెప్పావని చదివాక నాకు నవ్వు ఆగిపోయి చెమట మొదలైంది. పలాస బ్రాంచిలో నీ అర్జీ ఈపాటికి ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూ ఉంటుంది. టీ తాగుతూ చదువుకుంటారు. పరువు ఉండగానే వెళ్ళి వెనక్కి తీసుకో. నాకు నీతో చుట్టరికం ఉందని మాత్రం అక్కడ అనకు. ఈ ఏడాది చివరికి ప్రమోషను లిస్టు వస్తుంది.

బ్యాంకు మీద గెలిచిన ఖాతాదారుణ్ణి నేనింకా చూడలేదు. అంత బాధగా ఉంటే మందిరం హుండీలోంచి తీసి వాళ్ళకి సర్దెయ్యి. పుణ్యమూ వస్తుంది, గొడవా పోతుంది.

మీ అక్క ఒక మాట రాయమంటోంది. 'మా తమ్ముడు చదివింది తప్పేమో గాని, అడిగింది తప్పు కాదు' అట. రాశాను.

గణపతిరావు

*

హరిపురం
20 జూలై 2006

బావా,

నీ ఉత్తరానికి నెల రోజులు జవాబు రాయలేదంటే కోపం వల్ల కాదు, సిగ్గు వల్ల. సిగ్గుపడడం నాకు అలవాటు లేని పని, అందుకే ఇంత కాలం పట్టింది.

పలాస నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. 'బలి అను పేరుతో మా బ్యాంకు ఎటువంటి చార్జీలనూ వసూలు చేయుట లేదని తెలియజేయుటకు చింతించుచున్నాము.' చింతిస్తున్నారట! వసూలు చేయనందుకా?

ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. గడప దాటీ దాటగానే లోపల ఎవరో 'వామనుడొచ్చాడండీ' అన్నారు. నేను పొట్టివాణ్ణి కూడా కదా, అందరూ పకపకా నవ్వారు. మేనేజరు కుర్రాడే, శరత్ చంద్ర అని పేరు. కుర్చీ వేయించాడు గాని కూర్చునేలోపే మొదలెట్టాడు. "స్వామీ, రూల్ రూలే. ఐదొందలు లేకపోతే పడుతుంది."

"ఐదొందలు ఉండాలని వీళ్ళకెవరు చెప్పారు బాబూ?" అన్నాను.

"నోటీసు బోర్డు ఉంది కదా."

వెళ్ళి బోర్డు చూశాను. లాకర్ల అద్దె, హోలీ సెలవు, పోయిన ఏడాది క్యాలెండరు. వెనక నుంచి నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. నాకు నోరు పెగల్లేదు. నాకు! చెప్పు చేత పట్టుకున్నానో కాలికి తొడుక్కున్నానో కూడా తెలియకుండా బయట పడ్డాను.

బలి కాదు, బ్యాలెన్సని మా వాళ్ళకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? ఆ మాట ఊరు దాటిపోయింది. మొన్న కాశీబుగ్గలో ఆటోవాడు నాకు చిల్లర తిరిగి ఇవ్వకుండా 'బలి చార్జీ గురువుగారూ' అని పళ్ళికిలించాడు.

పురాణం లేని సాయంత్రాలు నన్ను తినేస్తున్నాయి. కూర్చుంటే కాళ్ళు లేస్తాయి, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. కొబ్బరి తోటలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. నిన్న మొక్కలకి నీళ్ళు పోస్తూ వాటికి ఏనుగూ మొసలీ కథ చెబుతుంటే మా ఇంటిది విని, మంత్రం వేయించాలేమోనని వాళ్ళ అమ్మకి కబురు పెట్టింది.

హుండీలోంచి సర్దమన్నావు. బ్యాంకు చేసిన మరక రాముడి డబ్బుతో కడగమంటావా? ఇంకోసారి అలాంటి మాట రాయకు.

కాసులమ్మ చెవిపోగులు తాకట్టు పెట్టి పాపారావుని విశాఖ తీసుకెళ్ళింది. బస్సు కోసం నా ముందు నుంచే వెళ్ళింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండును బావా.

పోలారావు

*

టెక్కలి
2 ఆగస్టు 2006

పోలారావుకు,

ఇది మూడో కాగితం. రెండు చింపేశాను.

చెవిపోగుల సంగతి చదివినప్పటి నుంచి మీ అక్క నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతోంది. కంచం చప్పుడయ్యేలా పెడుతోంది.

నువ్వు మేనేజరు గదిలో ఒక మాట అడిగి, నవ్వులు విని దాన్ని అక్కడే పారేసుకుని వచ్చావు. అడగవలసింది ఆ మాటే. చార్జీ ఎందుకు వేశారని అడక్కు, దానికి వాళ్ళ దగ్గర రూలు ఉంది. కనీస నిల్వ వంద నుంచి ఐదు వందలకి పెంచినట్టు ఈ ఖాతాదారులకి ఏ తేదీన, ఏ విధంగా తెలియజేశారు అని అడుగు. ఉత్తరాలు వేశామంటే వాటి నకళ్ళు చూపించమను. అంతే. ఎవరి అర్జీ వాళ్ళదిగా ఉండాలి. పురాణం ఒక్క ముక్క కూడా రాయకు. బలి అనే మాట అసలే రాయకు.

నెల లోపల జవాబు రాకపోతే, వచ్చినది సరిగా లేకపోతే, హైదరాబాదులో బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ అని ఒక పెద్ద ఆఫీసరు ఉంటాడు. ఖాతాదారుల ఫిర్యాదులు చూడడమే ఆయన పని. తెల్ల కాగితం చాలు, రుసుము లేదు, ప్లీడరు అక్కర్లేదు.

ఆ ప్రశ్నే ఎందుకని నన్నడక్కు, చెప్పను. ఒక చోట ఇరవై ఏళ్ళు పనిచేసినవాడికి ఏ ప్రశ్నకి జవాబు ఉండదో తెలుస్తుంది.

ఇది చదివి పొయ్యిలో పెట్టు.

గ.

*

హరిపురం
14 ఆగస్టు 2006

జై శ్రీరామ! జై జై శ్రీరామ!

ధర్మాత్ముడైన మా బావకు శతకోటి దండాలు. పది ఏనుగుల బలం వచ్చింది! కాళ్ళు నేల మీద నిలవడం లేదు, అయితే ఈసారి వేరే రకంగా.

శనివారం అందరినీ మందిరానికి పిలిచాను. పురాణం కాదు, పని ఉందన్నాను. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. 'నేను చదివింది తప్పు. అది బలి కాదు, బ్యాలెన్సు' అని గట్టిగా చెప్పాను. రాళ్ళు పడతాయనుకున్నాను. కాసులమ్మ లేచింది.

"ఏ పేరైతే ఏటి మావా? డబ్బులు పోనాయా నేదా?"

"పోయాయమ్మా."

"మరింకేటి? నాను బలి అనే అంతాను. పలకడానికి సులువు."

తరువాత అసలు సంగతికి వచ్చాను. ఏం అడగాలో, హైదరాబాదుకి ఎలా రాయాలో చెప్పాను. ఎవరూ కదల్లేదు. కొబ్బరికాయల వ్యాపారం బంగారయ్య వెనక నుంచి, "ఇదైనా నిజవేనేటి, నేపోతే మల్లీ నీ కవిత్వవేనా?" అన్నాడు. చూశావా, నా మాటకి పరపతి ఎంత పడిపోయిందో! నీ మాటకైతే ఉంది. నువ్వు లోపలి వాడివి. అందుకని నీ ఉత్తరం తీసి పైకి చదివాను.

కంగారు పడకు. పేరు చెప్పలేదు. లక్క ఇంటి సంగతి పాండవులకి గుట్టుగా అందించిన విదురుడి లాంటి ఒక మహానుభావుడు టెక్కలిలో ఉన్నాడు, ఇది ఆయన రాసినది అన్నాను. కంచం చప్పుడు మాత్రం దాటేశాను, అది సంసార విషయం. ఆఖరి వాక్యం వరకూ చదివి, అందరూ చూస్తుండగా హారతి పళ్ళెంలో పెట్టి కాల్చాను. పొయ్యిలో పెట్టమన్నావు గాని, హారతిలో ఐతే గౌరవంగా ఉంటుందనిపించింది. కొందరు కళ్ళకి అద్దుకున్నారు కూడా.

ఆ తరువాత చూడాలి బావా! తెల్ల కాగితాలు వచ్చాయి, కలాలు వచ్చాయి. పురాణం ఒక్క ముక్క లేకుండా, నువ్వు చెప్పిన ప్రశ్న ఒక్కటే రాశాను. రాస్తున్నంత సేపూ ఉపవాసం ఉన్నట్టే ఉంది. ఒక్కొక్కరి చేతా వేలిముద్ర వేయించాను. జీడిసొన తినేసిన వేళ్ళు కదా, గీతలు సరిగా పడవు. పడ్డంత వరకు పడ్డాయి. హైదరాబాదు ఆఫీసరు పేరు మా వాళ్ళకి నోరు తిరగడం లేదు. 'అంబోడు మావ' అంటున్నారు.

విదురా, నీకు జయం!

పోలారావు

*

టెక్కలి
25 సెప్టెంబరు 2006

శ్రీ పోలారావు గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీ క్షేమానికి లోటు ఉండదు.

శుక్రవారం మా మేనేజరు గారు నన్ను లోపలికి పిలిచారు. నెల దాటాక మీరు హైదరాబాదుకి పంపిన అర్జీల మీద అక్కడి నుంచి పలాస బ్రాంచికి కాగితం వచ్చిందట. మొదట బలి అని రాసిన వాళ్ళు, రెండో అర్జీలో తేదీ అడిగారు, నకళ్ళు అడిగారు, ఇది ఊరి వాళ్ళ ప్రశ్న కాదు, లోపలి వాళ్ళెవరో అందించారని పలాస వాళ్ళు పై ఆఫీసుకి రాశారు. అంతకుముందే మీ ఊరి వాళ్ళెవరో పలాస టీకొట్టులో 'టెక్కలి విదురుడి' గురించి గొప్పగా చెప్పారట. ఆ మాట నాకన్నా ముందు మా బ్రాంచికి వచ్చింది. ఈరోజు ఉదయం మా ప్యూను నాకు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ 'విదురుడు గారూ' అన్నాడు.

టెక్కలిలో మీకు ఎంతమంది బావలు ఉన్నారు, పోలారావు గారూ?

నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. విచారణకి మా పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు మీ ఊరు వస్తాడు. ఆ ప్రశ్న ఎవరు చెప్పారని మిమ్మల్నే అడుగుతాడు. ఎవరూ చెప్పలేదు, నేనే ఆలోచించుకున్నాను అని మీరు రాసి సంతకం పెట్టాలి. అది అబద్ధమని నాకు తెలుసు. మీరు అబద్ధం ఆడరని ఊరంతా చెప్పుకుంటారని కూడా తెలుసు. ఇక్కడ నా ఉద్యోగం ఉంది, హరిప్రియ చదువు ఉంది. మీ సత్యానికి వీటిలో ఏది కావాలో మీరే తేల్చుకోండి.

ఖాతాలో కనీస నిల్వ లేదని ఆ ఆడవాళ్ళకి చార్జీ వేశారు. నోట్లో కనీసం ఒక్క మాటైనా నిల్వ ఉంచుకోలేని మీకు ఎంత వేయాలి?

ఇట్లు
గణపతిరావు

*

హరిపురం
16 అక్టోబరు 2006

బావగారికి పోలారావు నమస్కరించి రాయునది.

ఆఫీసరు వచ్చి వెళ్ళాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నా పైత్యం ఏమీ కలపను.

నీ ఉత్తరం వచ్చినది మొదలు నాకు తిండి సయించలేదు. తోటలో తిరిగాను, సముద్రం దాకా నడిచి వెనక్కి వచ్చాను. పురాణాల్లో వెతికాను. ఒకరి బతుకు నిలబెట్టడానికి బొంకినా దోషం లేదని ఒక చోట ఉంది. సత్యం కోసం రాజ్యం పోయినా, ఆలిని అమ్ముకున్నా సరేనని ఇంకో చోట ఉంది. ఈ రెండూ ఇన్నాళ్ళూ నేనే చెప్పాను బావా, ఒకే గొంతుతో, అంతే ఆవేశంతో. ఏ రోజు ఏది రక్తి కడితే అది. నా మీదికి వచ్చేసరికి ఏదీ అక్కరకి రాలేదు.

ఆఫీసరు పేరు గోవిందరావు గారు. వయసు మళ్ళిన మనిషి, నెమ్మదస్తుడు. మందిరం అరుగు మీదే కుర్చీ వేశాం. ఊరంతా చుట్టూ చేరింది. ఆయన కాగితం నా ముందు పెట్టి, కలం మూత తీసి ఇచ్చి, "ఈ ప్రశ్న మీకు ఎవరు చెప్పారు పోలారావు గారూ?" అని అడిగాడు.

నోరు తెరిచాను. అబద్ధం నాలుక దాకా వచ్చింది. దాని వెనకే నిజమూ వచ్చింది. రెంటినీ లోపలే పట్టి ఉంచి నోరు మూసేశాను. ఆయన మళ్ళీ అడిగాడు. నేను కలం కింద పెట్టాను.

అప్పుడు కాసులమ్మ ముందుకి వచ్చింది.

"ఆయన్నేటి అడుగుతావు బాబూ? పుస్తకం నాది, డబ్బు నాది. నన్నడుగు."

"సరేనమ్మా, నీకెవరు చెప్పారు?"

"మా దొడ్లో కోడిని ఎవుడైనా పట్టుకుపోతే, మాకు సెప్పే పట్టుకెల్లినావా అని అడుగుతాం. అలగడగాలని ఒకలు నేర్పాలేటి? మీ ఊర్లో నేర్పుతారేటి?"

జనం గొల్లుమన్నారు. ఆయనా నవ్వు ఆపుకున్నాడు. తరువాత కాగితాల్లో చూసుకుని, "మరి టెక్కలి విదురుడు అంటే ఎవరు?" అన్నాడు. కాసులమ్మకి రెప్ప కూడా పడలేదు.

"ఇదురుడా? ఆడు మా మావ పురాణంలో ఉంతాడు బాబూ. ఆ పురాణంలో శానామంది ఉంతారు. మాకైతే పంపనేదు గాని, ఆలందరికీ పంపుతారేటి నోటీసులు?"

ఇక ఎవరూ ఆగలేదు. 'నానే అడిగినాను' అని ఒకామె, 'నాను కూడానూ' అని ఇంకొకామె, 'కోడిపోతే నానూ అడుగుతాను' అని బంగారయ్య. అతనికి ఆ బ్యాంకులో ఖాతాయే లేదు. ఆయన మా పోస్టుమేన్‌ని పిలిపించి, బ్యాంకు నుంచి ఈ ఊరికి ఉత్తరాలు వచ్చాయా అని అడిగాడు. 'నా చేతి మీద ఒక్కటీ రాలేదు బాబూ' అన్నాడు అతను. ఆఫీసరు చాలాసేపు రాసుకున్నాడు. 'ఖాతాదారులు తమంతట తామే అడిగిరి' అని ఆయన రాసినది తలకిందులుగా చదివాను. ఈసారి సరిగానే చదివానని అక్క మీద ఒట్టు. కొబ్బరి బొండాం తాగి వెళ్ళిపోయాడు.

నేను అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నా మందిరంలో నేను నోరు మూసుకుని కూర్చుంటే వేరొకరు మాట్లాడారు, జనం నా కథలకన్నా శ్రద్ధగా విన్నారు. కొంచెం నొప్పి కలిగింది, దాచను.

నీ సంజాయిషీ సంగతి ఏమైందో రాయి. రాయకపోయినా నాకు తగినదే. ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

పోలారావు

*

హరిపురం
1 డిసెంబరు 2006

బావా,

కార్డులో చోటు లేదు. అందరి పుస్తకాల్లోనూ డబ్బు జమ పడింది. తప్పు చేశామని ఎక్కడా రాయలేదు, 'ఖాతాదారుల సౌకర్యార్థం' అని రాశారు. కాసులమ్మ చెవిపోగులు విడిపించుకుంది. మిగిలింది పాపారావు మందులకి. అతని ఒంట్లో ఏమంత బాగోలేదు. 'ఇంక ఖాతా మూసేస్తావా?' అంటే, "ఎందుకు మూత్తాను? ఇప్పుడు ఆలకి నానంటే బయం" అంది. రేపు శనివారం నుంచి పురాణం చెప్పమన్నారు. చెబుతాను. నువ్వు ఒక్క ముక్కైనా రాయి.

పోలారావు

*

టెక్కలి
11 డిసెంబరు 2006

పోలారావుకు ఆశీస్సులు.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయాలని కూర్చుని, కలం పట్టుకుని లేచిపోవడం నాకు ఈ మధ్య అలవాటైంది. మీ తోట రోగం నాకూ అంటినట్టుంది, డాబా మీద తిరుగుతున్నాను.

సంజాయిషీ ఫైలు మూసేశారు. ప్రమోషను లిస్టు వచ్చింది, నా పేరు లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక ఈరోజు సంగతి రాస్తాను. ఎవరికి చదివి వినిపించుకుంటావో నీ ఇష్టం.

పొద్దున్న బ్రాంచి తలుపు తీసేసరికి మెట్ల నిండా జనం. ఎక్కువ ఆడవాళ్ళే. నందిగాం వాళ్ళు, కోటబొమ్మాళి వాళ్ళు, ఇక్కడి కూరగాయల మార్కెట్టు వాళ్ళు. ఎవరి చేతిలో చూసినా తెల్ల కాగితం. అందులో నా ప్రశ్నే, పొల్లు పోకుండా. పలాసలో డబ్బు తిరిగి వచ్చిందన్న కబురు బస్సుల్లో వచ్చేసింది. మా మేనేజరు గారు నా చెవి దగ్గరికి వచ్చి, "కాగితాలు తీసుకోండి, రశీదులు ఇవ్వకండి" అని అద్దాల గదిలోకి వెళ్ళిపోయారు.

మొదటి ఆమె కాగితం ఇచ్చి, చెయ్యి చాపి నిలబడింది. వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. వెనకవాళ్ళూ కదల్లేదు. రశీదు రాసి ముద్ర వేశాను. ముద్ర వంకరగా పడింది. రెండోది తిన్నగా పడింది. ఆ తరువాత ఇక తలెత్తలేదు. 'తరువాత వాళ్ళు' అనడం, కాగితం తీసుకోవడం, ముద్ర వేయడం.

అలా ఎంతసేపు గడిచిందో, ఒక కాగితం నా ముందుకి జరిగింది. ఖాతాదారు పేరు రామలక్ష్మి. చిరునామా మా ఇంటిది.

మీ అక్కకి కుట్టుమిషను మీద వచ్చే నాలుగు డబ్బులు వేసుకోమని ఆ ఖాతా నేనే తెరిపించాను. దానిలోంచి మూడుసార్లు కోశారట. కోసిన ప్రతిసారీ నేను ఈ కౌంటరు వెనకే కూర్చుని ఉన్నాను. నేనెప్పుడూ ఆ పుస్తకం విప్పి చూడలేదు. ఆమె ఎప్పుడూ నాతో అనలేదు. ఈ ఉదయం క్యారియరు కట్టి ఇచ్చినప్పుడు కూడా అనలేదు.

తలెత్తి చూశాను. కొంగు భుజం నిండా కప్పుకుని, పుస్తకం పట్టుకుని, అందరిలాగే నిలబడి ఉంది.

"ఐదు వందలు ఉండాలని నాకు ఎప్పుడు తెలియజేశారండీ?" అంది.

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను 'అండీ' అనని రోజు లేదు. కానీ ఇది ఆ 'అండీ' కాదు పోలారావూ. ఇది గుమస్తాని అనే 'అండీ'.

వెనక వరుస మొత్తం మాటలు ఆపి వింటోంది. అద్దాల గదిలో మేనేజరు గారు లేచి నిలబడ్డారు. రశీదు చేతిలో పెట్టేసి 'తరువాత వాళ్ళు' అంటే సరిపోయేది. ఇందాకటి నుంచి చేస్తున్నది అదే.

"తెలియజేయలేదండీ" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. మెట్ల మీద ఉన్నవాళ్ళు వినబడలేదేమో, "ఏటన్నాడు, ఏటన్నాడు?" అని లోపలివాళ్ళని అడుగుతున్నారు. లేచి నిలబడి, వాళ్ళకీ వినబడేలా ఇంకోసారి అన్నాను.

మీ అక్క రశీదు మడిచి పుస్తకంలో పెట్టుకుని పక్కకి జరిగింది. ఆమె వెనకాల ఉన్న ముసలాయన కాగితం ముందుకి తోశాడు.

గణపతిరావు